గిర్దావర్‌కు ఇల్లు వెతికిన తాత

పోయిన నెల జనగామలో నాకు సన్మానం చేశారు. రిటైరయిన పంతుళ్లకు ఇటువంటివి తప్పవు. ఈ మధ్య మా వైపు శాలువాకు బదులు గొంగడి కప్పే పద్ధతి వచ్చింది. కొత్త గొంగడి భుజాల మీద పడీ పడగానే అందరూ కెమెరా వైపు చూస్తారు. నేను నా పిక్కల వైపు చూసుకున్నాను. తర్వాత నాకు తెలియకుండానే దాన్ని తీసి, మడిచి, చంకలో పెట్టుకున్నాను. కప్పినాయన మొహం చిన్నబోయింది. "ఉక్కపోస్తున్నదా సార్?" అని అడిగాడు. అవునన్నాను. మైకు ముందు అంతకన్నా ఏం చెప్తాను? అసలు కారణం ఒక తాత, ఆ తాత పెంచిన కుక్క. ఇద్దరూ ఇప్పుడు లేరు.

తాత పేరు రాయను. రాస్తే ఆయన కొడుకులు "మా నాయినను నవ్వులపాలు చేస్తవా సారూ" అని ఇంటి మీదికొస్తారు. రాసినా ఊళ్లో ఎవరూ గుర్తుపట్టరు. తరిగొప్పుల దగ్గర నేను పనిచేసిన ఆ ఊళ్లో ఆయన అందరికీ తాతే. ఆయన కన్నా పెద్దవాళ్లు కూడా తాతా అనే పిలిచేవారు, ఆయన హాయిగా పలికేవాడు. గొర్ల కాపరి. ఎండైనా వానైనా నల్ల గొంగడి ఆయన భుజం దిగేది కాదు. "గింత ఎండల గొంగడేందే తాతా" అని ఎవరైనా అంటే, "ఎండ గొంగడి మీద వడ్తున్నది, నా మీద వడ్తున్నదా?" అని ఎదురడిగేవాడు. దానికి జవాబు ఆలోచించేలోపు ఆయన మందతో సహా మలుపు తిరిగేవాడు.

ఆ మంద చుట్టూ ఒక ఎర్రటి కుక్క తిరుగుతుండేది. దాని పేరు గిర్దావర్. పాత రోజుల్లో భూముల లెక్కలు చూస్తూ పొలాల చుట్టూ తిరిగే సర్కారు ఉద్యోగిని మా వైపు గిర్దావర్ అనేవారు. ఇప్పటికీ రెవెన్యూ వాళ్లను పెద్దవాళ్లు అలాగే పిలుస్తారు. ఒకసారి మండలాఫీసు నుంచి ఆ ఉద్యోగి నిజంగానే ఊళ్లోకి వచ్చి పంచాయతీ అరుగు మీద కూర్చున్నాడు. అదే సమయంలో తాత వీధి చివరి నుంచి, "గిర్దావర్! ఓ గిర్దావర్! ఆ పెంట కాడ మూతి వెట్టకు, ఇటు రా!" అని కేకేశాడు. పాపం, ఆ ఉద్యోగి లేచి నిలబడ్డాడు. తర్వాత సంగతి తెలిసి తాతను కోప్పడితే, "మీరు తిరుగుతె జీతం ఇస్తరు సారూ, అది వట్టిగనే తిరుగుతది. ఎవలు గొప్ప?" అన్నాడు.

తిరగడంలో దాన్ని మించినది లేదు. గొర్రె పక్క చేను వైపు మెడ తిప్పిందంటే చాలు, ఇది ఎదురుగా నిలబడి ఉండేది. మందకు ఒక అంచు ఉండాలని, ఆ అంచు తానేనని దాని నమ్మకం. చిక్కల్లా మనుషులతో వచ్చింది. అది పిల్లగా ఉన్నప్పుడు మందలో దొంగ పడ్డాడట. గొర్ల దొంగలు గొంగడి కప్పుకొనే వస్తారు, వంగి నడిస్తే మందలో కలిసిపోవచ్చని. ఆ దొంగ దీన్ని ఒక తన్ను తన్ని, చెవి కొస కోసి మరీ పోయాడు. అప్పటి నుంచి గిర్దావర్ ఒక సిద్ధాంతం ఏర్పరచుకుంది. లోకంలో ఉండాల్సింది ఒక్కటే గొంగడి, అది తాతది. మరెవరు గొంగడి కప్పుకున్నా వాడు దొంగ.

అందుకని మిగతా కాపర్లు తాత మంద దగ్గరికి వచ్చేటప్పుడు గొంగడి తీసి, మడిచి, చంకలో పెట్టుకునేవారు. వాన పడుతున్నా తడుస్తూనే వచ్చేవారు. మరిచిపోయి కప్పుకొని వచ్చినవాళ్ల పిక్కలు చెప్పేవి ఆ సంగతి. కరిచిన ప్రతిసారీ నేను స్కూటర్ తీసి వాళ్లను జనగామ దవాఖానకు తీసుకుపోయి సూదులు వేయించేవాణ్ణి. నా స్కూటర్ వెనక సీటు ఎరగని కాపరి ఆ చుట్టుపక్కల లేడు.

కరిపించుకున్నవాడింటికి సాయంత్రం తాత పరామర్శకు వెళ్లేవాడు. క్షమించమని అడగడం ఆయన రక్తంలో లేదు. గాయం చూపించమని, కింద కూర్చుని, కళ్లు చికిలించి చూసి, "మంచిగ వడ్డయి పండ్లు" అని మెచ్చుకునేవాడు. ఇంత మిరప్పొడి అద్దమని సలహా ఇచ్చేవాడు. ఆ ఇంటి ఆడవాళ్లు తిట్లకు లంకించుకుంటే మాత్రం నొచ్చుకునేవాడు.

"గిది కరవది బిడ్డా. దానికి నోరు లేదు గద, జర పంటితోని చెప్తది. గంతే."

ఇలా ఊరి పిక్కలతో సరిపోతే కథ లేకపోను. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు వచ్చాయి. సమ్మెలో మా బడికి తాళం పడింది. రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే భోజనాలు, పొద్దుగూకితే పాటలు. ఆ పాటల వేదికలెక్కినవాళ్లందరి భుజాల మీదా గొంగళ్లు. పుట్టి బుద్ధెరిగి గొర్రెను ముట్టుకోనివాళ్లు కూడా సంతలో కొత్త గొంగడి కొనుక్కుని భుజాన వేసుకున్నారు. ఊరి కాపర్లకు తమ గొంగడి మీద మొదటిసారి గర్వం కలిగింది. గిర్దావర్‌కు మాత్రం దేశమంతా దొంగలతో నిండిపోయినట్టు కనిపించింది.

ఒక సాయంత్రం మా ఊరి బస్టాండు దగ్గర సభ. పట్నం నుంచి ఒక నాయకుడొచ్చాడు. తెల్లటి ఇస్త్రీ చొక్కా, దాని మీద గొంగడి. మడతలు కూడా పోలేదు. మంద ఇంటికి మళ్లే వేళకు ఆయన మాట్లాడుతున్నాడు. "ఈ గొంగడి మన ఆత్మగౌరవం! దీన్ని మన భుజం మీంచి ఎవడూ లాగలేడు!" అని ఆయన చేయెత్తాడో లేదో, గిర్దావర్ ఒక్క గంతులో వేదికెక్కి గొంగడి లాగింది. ఆయన వదల్లేదు. అది పిక్క అందుకుంది. జనం ఇదొక ఆట అనుకుని చప్పట్లు కొట్టారు. డప్పులవాళ్లు దరువు పెంచారు. నాయకుడు వేదిక మీద గుండ్రంగా తిరుగుతుంటే ఈలలు పడ్డాయి. నిజం తెలిసేసరికి గొంగడి కుక్క నోట్లో ఉంది, నాయకుడు నా స్కూటర్ మీద ఉన్నాడు.

మర్నాడు ఊరి కమిటీ పెద్దమనిషి తాతను పిలిపించాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"తాతా, మల్ల ఐతారం మీటింగున్నది. గప్పటికి నీ కుక్క ఊళ్లె ఉండొద్దు. పోరగాళ్లు అన్నంల మందు కలుపుతమంటున్నరు. వాళ్లను నేను ఆపలేను."

తాత గొంగడి సర్దుకుని, "ఒక్క కుక్క ఊరిడిస్తె తెలంగాణ వస్తదంటే పంపుత. వస్తదా? రాసియ్యి" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దమనిషి కూడా నవ్వాడు గానీ ఆదివారం గడువు వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే తాత కుక్కతో సహా మా ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అందరిని కరుస్తది గని సారూ, ఎవలు అన్నం వెట్టినా తింటది. గదే నా భయం. మంచి ఇల్లు చూసి ఇచ్చేద్దాం. నువ్వు సదువుకున్నోనివి, నువ్వు చెప్తె నమ్ముతరు."

"ఏం చెప్పాలి?"

"కరవదని చెప్పాలె."

బడిపంతులి నోట అబద్ధం పలికించాలని చూశాడు. నేను ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరం కలిసి ఒక మాట ఖాయం చేసుకున్నాం: "ఈ కుక్క చాలా బాధ్యత గలది."

మొదట తొర్రూరులో ఒక సేటు. ధాన్యం, పప్పుల టోకు వ్యాపారం. కొట్టు వెనక గోదాముకు కాపలా కావాలన్నాడు. కుక్కను స్కూటర్ ముందు కాళ్ల దగ్గర నిలబెట్టి, తాతను వెనక ఎక్కించుకుని బయలుదేరాను. పాలకుర్తి దాటాక రోడ్డు మీద జనం కూర్చున్నారు, బండ్లన్నీ ఆగాయి. స్కూటర్ ఆగిందో లేదో గిర్దావర్ దూకేసింది. రోడ్డు మీద జనం ఒక మంద, పక్కకు జారుకునేవాళ్లు దారి తప్పిన గొర్రెలు. టీ కొట్టు వైపు పోయేవాళ్లను, తాటిచెట్ల వైపు పోయేవాళ్లను, అందరినీ మళ్లేసి రోడ్డు మీద కూర్చోబెట్టింది. అక్కడి ముఖ్యుడు మురిసిపోయాడు.

"తాతా, గీ కుక్కను మాకియ్యరాదె. పొద్దంత నేను మొత్తుకున్నా ఒక్కడు కూసుంటలేడు."

తాత మొహం వెలిగింది. సరేననబోతున్నాడు. అప్పుడే గుంపులోంచి పాట పాడేవాడు గొంగడి భుజాన వేసుకుని లేచాడు. తాత కుక్క మూతిని ఒళ్లో దాచుకుని, "సారూ, బండి తియ్యి, జల్ది!" అన్నాడు.

తొర్రూరులో సేటుకు నా మాట చెప్పాను. బాధ్యత గల కుక్క అనగానే సంతోషపడ్డాడు. రెండు రోజులు పోయాక ఫోన్ చేసి మరీ పొగిడాడు. కొట్లోకి వచ్చిన గిరాకీని అది బయటికి పోనివ్వడం లేదట. గడప దగ్గర అడ్డంగా నిలబడుతోందట. ఊరికే ధర అడిగి పోదామని వచ్చినవాళ్లు కూడా ఏదో ఒకటి కొనుక్కుని, సేటు వచ్చి దారి ఇప్పిస్తే పోతున్నారట. "కొడుకుల కన్న నయ్యమున్నది సార్" అన్నాడు.

ఆ మర్నాడే మళ్లీ ఫోన్. సేటు గోదాము దగ్గర గొంగళ్లు లేవు నిజమే. కానీ బస్తాలు మోసే హమాలీలు గోనెసంచిని మూల మడిచి నెత్తి మీద నుంచి వీపు మీదికి వేసుకుంటారు. దూరం నుంచి చూస్తే అచ్చం గొంగడి కప్పుకున్న మనిషే. లారీ నుంచి బస్తాలు దించుతున్న వాళ్ల మీద గిర్దావర్ పడింది. హమాలీలందరూ పని ఆపి కూర్చున్నారు.

"సార్, మీ బాధ్యత గల కుక్కను మీరు తోల్కపోండ్రి. ఊరంత సమ్మె ఉంటె నా ఒక్క కొట్టు నడుస్తుండె. గిప్పుడు అది గూడ బందయింది."

తీసుకుని వస్తుంటే దారంతా తాత వాదన. తప్పు గోనెసంచిది. గోనెసంచిని గోనెసంచిలా మోయాలి గానీ నెత్తి మీద వేసుకోవడమేమిటి? నాకు నవ్వాగలేదు. "నవ్వు సారూ, నవ్వు. ఐతారం ఎల్లుండే" అన్నాడు. నా నవ్వు ఆగిపోయింది. కుక్క నా కాళ్ల మధ్య నిలబడి, మూతి ముందుకు చాపి, గాలిని ఆస్వాదిస్తోంది.

అప్పుడు తాతకు మొగుళ్లపల్లి అవతలి లంబాడీ తండా గుర్తొచ్చింది. ఎండాకాలం మేత దొరక్క మందను అడవి దిక్కు తోలుకుపోయేటప్పుడు ఏటా ఆ తండా దగ్గర ఆగేవాడట. అక్కడ మేకలు కాసుకునే ఒకావిడ ఈయనకు నీళ్లు, రొట్టె ఇచ్చేది. నక్కలు మేకపిల్లలను ఎత్తుకుపోతున్నాయని, మంచి కుక్క దొరికితే బాగుండునని పోయిన ఏడే అన్నదట. జనగామ నుంచి వరంగల్, పరకాల మీదుగా అంత దూరం ఆ స్కూటర్ ఎలా పోయిందో దానికే తెలియాలి.

ఆవిడ మనిషి సన్నం, చూపు గట్టి. కుక్కను చూడకముందే తాత పరీక్ష మొదలుపెట్టాడు.

"చెల్లె, మీ తండాల ఎవలన్న గొంగడి కప్పుకుంటరా?"

"లేదన్నా. మాకు దుప్పట్లే."

"వాన వడితె నెత్తి మీద గోనెసంచి ఏసుకుంటరా?"

"ప్లాస్టిక్ కవరు ఏసుకుంటం."

"పాటలు వాడెటోళ్లు గొంగళ్లేసుకొని వస్తె?"

ఆవిడ కాస్త ఆలోచించింది. "తండ బయటనే తీసి రమ్మంట. గంత పంతమేందన్నా, ఇది కరుస్తదా?"

తాత నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఈసారి ఆయనే ఉన్నదున్నట్టు చెప్పాడు. దొంగ సంగతి, చెవి సంగతి, నాయకుడి సంగతి అన్నీ. ఆవిడ నాయకుడి దగ్గర పగలబడి నవ్వి, తమ భాషలో కుక్కను పిలిచింది.

"నీ భాష దానికి రాదు చెల్లె."

"మా మేకలకు వచ్చింది, దీనికి రాదా?"

వచ్చింది. సాయంత్రానికల్లా అది మేకల చుట్టూ తిరుగుతోంది. కానీ తాత స్కూటర్ వైపు నడవగానే వచ్చి వెనకే నిలబడింది. తాత అదిలిస్తే నాలుగడుగులు పోయి మళ్లీ వచ్చింది. ఆవిడే అన్నది: "గొంగడి ఇడిసిపో అన్నా. దాని మీద పంటె నీ ఎనుక రాదు."

తాత నిలబడిపోయాడు. ఊరు ఊరంతా, ఉద్యమం మొత్తం గొంగడి భుజానికెత్తుకున్న రోజుల్లో ఆయన తన గొంగడి దించాడు. మేకల దొడ్డి పక్కన పరిచాడు. కుక్క దాన్ని వాసన చూసి, చుట్టూ తిరిగి, దాని మీద పడుకుంది. తాత ఉత్త బనీనుతో నా వెనక ఎక్కాడు. గొంగడి లేని తాతను నేను అదే మొదటిసారి చూడటం. ఇంత చిన్న మనిషా అనిపించింది.

పరకాలలో టీ తాగుతుంటే "చలి పెడుతుందా తాతా" అన్నాను. "చలి గాదు సారూ" అని గ్లాసు కింద పెట్టి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. టీ కొట్టాయన మాకు ఎవరో పోయారనుకుని మరి రెండు టీలు పోశాడు.

ఊళ్లో ఐతారం మీటింగు ఏ గొడవా లేకుండా జరిగింది. చప్పగా ఉందని జనమే అన్నారు. తాత తన గొర్ల బొచ్చుతోనే కొత్త గొంగడి నేయించుకున్నాడు. చలికాలం పోయాక ఒకరోజు, "దాన్ని చూసొద్దాం సారూ. మంచిగ చూసుకుంటున్నరో లేదో" అన్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, అది తనను తలచుకుని తిండి మానేసిందేమోనని అన్నాడు.

తండా దగ్గర స్కూటర్ దిగి తాత గబగబా ముందుకు నడిచాడు, కొత్త గొంగడి భుజాన వేసుకుని. దూరంగా మేకలు, వాటి అంచున ఎర్రగా గిర్దావర్. ఆవిడ చూసి కేకేసింది. "అన్నా! గొంగడి తియ్యి! తియ్యన్నా!"

"నాకెందుకు చెల్లె!" అని తాత నవ్వుతూనే నడిచాడు. ఊరందరి చేత గొంగళ్లు విప్పించిన మనిషి తనది కూడా గొంగడేనన్న సంగతి మరిచాడు. గాలి అటు నుంచి ఇటు వీస్తోంది, తాత వాసన కుక్కకు అందలేదు. కుక్క మేకలను దాటి, బాణంలా వచ్చి, తాత పిక్క పట్టుకుంది.

తాత కింద కూలబడ్డాడు. గొంగడి జారిపోయింది. "ఓరి గిర్దావర్!" అన్న గొంతు వినగానే కుక్క నోరు వదిలింది. చెవులు వాల్చి, నేలకు కరుచుకుని, మూలుగుతూ ఆయన గాయాన్ని నాకింది. నేను పరుగెత్తాను. తాత అప్పటికే కళ్లు చికిలించి తన పిక్కను పరిశీలిస్తున్నాడు.

"మంచిగ వడ్డయి పండ్లు" అన్నాడు.

ఆవిడ గాభరాపడుతోంది. "మిరప్పొడి తెస్తా" అన్నది.

"వద్దు చెల్లె, మంట లేస్తది" అన్నాడు ఊరందరికీ మిరప్పొడి రాయించిన మనిషి. నాకు కోపం, నవ్వు రెండూ వచ్చాయి. "కరవదు, పంటితో చెప్తుందన్నావు కదా. ఇప్పుడేం చెప్పింది తాతా?" అని అడిగాను.

తాత కుక్క తల మీద చెయ్యి పెట్టాడు. కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు.

"మా ఇంటికాడ నీకేం పని అన్నది సారూ. ఇన్నవా? మా ఇల్లు అన్నది."

తర్వాత దాన్ని గదమాయించాడు. "పో, మేకలు చెదురుతున్నయ్ చూడు." అది ఒకసారి ఆయన మొహం చూసి, వెళ్లి మేకల అంచున నిలబడింది. దవాఖానలో సూది వేస్తుంటే నర్సుతో, "మా గిర్దావర్ కరిసిండమ్మా, పెద్ద నౌకరి దొరికింది వానికి" అని గొప్పగా చెప్పుకున్నాడు. నర్సు కంగారుగా నా వైపు చూసింది. ఆ మచ్చను ఆయన బతికున్నన్నాళ్లూ పంచె ఎత్తి మరీ చూపించాడు.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు తాత పోయాడు. నాలుగూళ్ల కాపర్లు గొంగళ్లు కప్పుకుని వచ్చారు. పట్నం నాయకుడూ వచ్చాడు, అదే పద్ధతిలో భుజాన గొంగడితో. పాడె కడుతుండగా ఆటో ఆగింది. తండా ఆవిడ దిగింది. చంకలో తాత పాత గొంగడి, పక్కన ముసలిదైన గిర్దావర్. ఎవరో లోగొంతుకతో "గిర్దావర్!" అన్నారు. అంతే, అక్కడున్న గొంగళ్లన్నీ భుజాలు దిగి, మడతపడి, చంకల్లోకి పోయాయి. అందరికన్నా ముందు తీసినవాడు నాయకుడే.

ఆవిడ పాత గొంగడిని తాత మీద కప్పింది. అక్కడక్కడ చిరిగి, నిండా ఎర్రటి వెంట్రుకలున్నాయి దానికి. గిర్దావర్ గుంపు చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరిగింది. ఆ గుంపులో కప్పి ఉన్నది ఒక్కటే గొంగడి, అది తాతది. వచ్చి తాత కాళ్ల దగ్గర పడుకుంది. పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు అందరి చంకలూ చూసి, చనిపోయిన కాపరికి ఇలా మర్యాద చేస్తారు కాబోలనుకున్నారు. నేను కాదనలేదు.

మొన్న నర్మెట వైపు ఒక కాపరి చనిపోతే చూడటానికి పోయాను. పాడె లేవగానే వచ్చినవాళ్లందరూ గొంగళ్లు తీసి, మడిచి, చంకలో పెట్టుకున్నారు. ఆ దగ్గర్లో కుక్క అనేది లేదు. ఎందుకలా అని పక్కనున్నాయనను అడిగాను.

"తాతల కాలం నుంచి గిదే ఆచారం సారూ" అన్నాడు.

తల ఊపాను. ఎందుకైనా మంచిదని వంగి ఒకసారి పిక్కలు చూసుకున్నాను.